మంచిది అన్నంత మాత్రాన

రాజనీతి తత్వశాస్త్రం అనగానే నేను పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లలకు ఆవలింతలు వస్తాయి. వాళ్ళ తప్పేం లేదు, ఆ పేరే అలాంటిది. గోదావరిఖనిలో నేను డిగ్రీలో చేరిన కొత్తలో మాకూ వచ్చాయి. ఆ పేరు బోర్డు మీద రాసి ఇటు తిరిగిన మా సార్, మా మొహాలు చూసి, చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. "దీని సంగతి తర్వాత చూద్దాం. ముందు నా గోడు వినండి. మీ ఊళ్ళో నాకు ఇల్లు ఇస్తానని చెప్పి ఇవ్వలేదండీ" అన్నారు.

ఆయన కోస్తా జిల్లా నుంచి ఉద్యోగం మీద అప్పుడే వచ్చారు. ఖనిలో ఎటు చూసినా బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్లే. అద్దెకు ఇల్లు దొరకడం కష్టం. వెతగ్గా వెతగ్గా ఒక ముసలాయన ఇంట్లో రెండు గదులు ఖాళీ ఉన్నాయని తెలిసి వెళ్ళారట. "వచ్చే నెల దిగుతానండీ" అంటే ఆ పెద్దాయన "మంచిది సార్" అన్నాడట. నెల తిరగ్గానే సార్ భార్యని, గ్యాస్ పొయ్యిని, పుస్తకాల మూటల్ని ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళి గుమ్మం ముందు దిగారు. ఆ పెద్దాయన ఆశ్చర్యపోయి, "నేనెప్పుడు ఇస్తనన్న సార్?" అన్నాడట.

క్లాసంతా నవ్వింది. సార్ మాత్రం నిజంగానే అర్థంకాక అడుగుతున్నారు. "మీవాళ్ళేగా, చెప్పండి. ఆయన అబద్ధమాడాడా?"

నాకు చిన్నప్పటి నుంచీ నోరు ఎక్కువ. లేచాను. "మంచిది అంటె ఇస్తననుడు కాదు సార్. ఇన్ననన్నట్టు."

"విన్నానని చెప్పడమా? మరి ఇవ్వనని చెప్పచ్చుగా?"

"మీరు సార్లాయె. ఇంటిదాకొచ్చిన సారును మొకం మీద వద్దని ఎట్లంటడు?"

ఆయన నవ్వలేదు. బోర్డు మీద ఉన్న పెద్ద పేరు తుడిచేసి 'సమ్మతి' అని రాశారు. ఆ గంటలో ఆయన చెప్పింది నేను ఇప్పటికీ అప్పజెప్పగలను. ఒక మనిషి మీద ఇంకో మనిషి అధికారం చెలాయించడం దేనివల్ల న్యాయమవుతుంది? బలం ఉన్నందుకు కాదు, అవతలివాడు ఒప్పుకున్నందుకు. మరి ప్రభుత్వం మనల్ని ఎప్పుడు అడిగింది? అడగలేదు. అందుకని పాతకాలం పండితులు ఒక ఉపాయం కనిపెట్టారు. నువ్వు ఈ నేల మీద ఉంటున్నావు, ఈ రోడ్డు మీద నడుస్తున్నావు, కాబట్టి నోటితో అనకపోయినా ఒప్పుకున్నట్టే అన్నారు. "అంటే ఏవిటండీ?" అన్నారు సార్. "ప్రభుత్వం కూడా నాలాగే వచ్చి అడుగుతుంది. మీరు మంచిది సార్ అంటారు. అది ఆటోలోంచి సామాను దింపేస్తుంది."

ఆ రోజు నుంచి నేను ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాను.

ఆయన ఏ సిద్ధాంతం చెప్పినా మా బతుకుల్లోంచే చెప్పేవారు. రాజ్యమే లేకపోతే మనుషులు ఎలా ఉంటారు అనేదానికి క్వార్టర్ల లైన్లో ఒక్క నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళని చూపించారు. వరస పెట్టుకుందామని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారే, అదే సామాజిక ఒడంబడిక అన్నారు. న్యాయం అనే పాఠం రోజు మాకు తెల్లకాగితాలిచ్చి, "ఒక కాలనీ ప్లాన్ గియ్యండి. అందులో మీకు ఆఫీసరు బంగ్లా వస్తుందో, రెండు గదుల క్వార్టర్ వస్తుందో గీసేటప్పుడు మీకు తెలియదు" అన్నారు. అందరం రెండు గదుల క్వార్టర్లకు కిటికీలు పెద్దవి పెట్టాం. ఆయన ఆ ప్లాన్లన్నీ చూసి మురిసిపోయారు.

స్వేచ్ఛ గురించి చెప్పింది మాత్రం సూటిగా నాకే తగిలింది. ఎవరూ అడ్డు పెట్టకపోవడం ఒక రకం స్వేచ్ఛ. చెయ్యడానికి కావాల్సింది చేతిలో ఉండటం ఇంకో రకం. మా బాపు, అంటే నాన్న, భూగర్భ గనిలో బొగ్గు నింపేవాడు. చదువుకోవద్దని నన్ను ఒక్కనాడూ అనలేదు. కానీ రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. రెండు గదుల ఇంట్లో ఆయన పడుకుంటే తలుపులు మూసి, పరదాలు దించి, గిన్నె చప్పుడు కాకుండా అందరం పిల్లుల్లా తిరగాలి. ఆయన లేచేసరికి అన్న షిఫ్టు దిగి వచ్చేవాడు. గని కార్మికుడి ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. నేను కమాన్‌పూర్ పోయే బస్సులెక్కి చివరిదాకా వెళ్ళి తిరిగొస్తూ చదువుకున్న రోజులున్నాయి. ఇది సార్‌కి చెబితే, వాళ్ళింట్లో వరండా చూపించి, "రోజూ వచ్చి ఇక్కడ కూర్చో అమ్మాయ్" అన్నారు. ఆయన భార్య కాఫీ ఇచ్చేది. ఆ వరండాలోనే పీజీ ఎంట్రన్సుకు చదివాను. ఉద్యోగం వచ్చినప్పుడు మిఠాయి డబ్బా ముందు ఆ ఇంటికి పోయిందని మా అవ్వ ఇప్పటికీ అలుగుతుంది. అవ్వ అంటే మా అమ్మ.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, పరాయివాడు చేస్తే ఇంత కడుపు మండేది కాదు.

నా భర్త ఉద్యోగం కంపెనీలోనే కాబట్టి మేమూ ఒక కార్మిక కాలనీలోనే ఉంటున్నాం. బాపు పోయాక అవ్వ నా దగ్గరికి వచ్చేసింది. సార్ రిటైరై, కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తున్న కొడుకు దగ్గర మా కాలనీ చివరి బంగ్లాలో ఉంటున్నారు. ఆయన భార్య ఈ బంగ్లాకి వచ్చిన ఏడాదే చనిపోయింది. కాలనీ మధ్యలో ఒకప్పుడు సరుకుల దుకాణంగా ఉండి మూతపడ్డ గది ఒకటి ఉంది. కాలనీవాళ్ళం అడిగితే కంపెనీవాళ్ళు వాడుకోమన్నారు. ఆడవాళ్ళం కలిసి బూజు దులిపి, సున్నం వేసి, బెంచీలు సంపాదించి చదువుకునే గది చేశాం. కానిస్టేబుల్ పరీక్షకో, టీచర్ పరీక్షకో చదివే అమ్మాయిలు పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉండేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పగలు ఎవరో ఒకరు పడుకుని ఉంటారు మరి.

గదికి ఒక కమిటీ కావాలన్నారు. అధ్యక్షుడిగా సార్ పేరు నేనే చెప్పాను. ఆయన ఒక నియమం పెట్టారు. గదికి సంబంధించి ఏ సంగతైనా కాలనీవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, అడిగి, అప్పుడే తేల్చాలి. ఎంత పొంగిపోయానో. చెప్పింది చేసే మనిషి అని అవ్వతో గొప్పగా చెప్పుకున్నాను.

పోయిన ఎండాకాలం ఆయన ఆదివారం పొద్దున మీటింగ్ పెట్టారు. మా దగ్గర ఆదివారం డ్యూటీని ప్లే డే అంటారు, ఆ రోజు పనికి కూలి ఎక్కువ పడుతుంది. పని రోజుకి ఆట రోజని పేరు పెట్టిన మహానుభావుడెవరో కానీ, ఆ ఆట ఆడటానికి కాలనీలో మగవాళ్ళు సగంమంది పొద్దున్నే వెళ్ళిపోతారు. మీటింగుకి వచ్చింది రిటైరైన కార్మికులు, ఆడవాళ్ళు, కొందరు ఆఫీసర్లు. చదువుకునే అమ్మాయిల్ని కాసేపు బయట ఉండమన్నారు. వాళ్ళు పుస్తకాలు చంకన పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. అందులో ఒక అమ్మాయి మా కాలేజీలో నా విద్యార్థినే. తండ్రి ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు.

సార్ లేచి చాలా మర్యాదగా చెప్పారు. కాలనీలో పెద్దవాళ్ళు ఎక్కువయ్యారు. కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి, పేపరు చదువుకోవడానికి చోటు లేదు. ఈ గదిని పెద్దల విశ్రాంతి గదిగా మారిస్తే బాగుంటుంది. అమ్మాయిలు ఇళ్ళల్లో చదువుకోవచ్చు. "ఇది నా ఆలోచన. మీరేవంటారు?"

నాకది నచ్చలేదు. కానీ కంగారుపడలేదు, ఎందుకంటే మావాళ్ళ జవాబులు వినబడుతున్నాయి.

మా పక్క క్వార్టర్ కాక, మాకు బాబాయి వరస, ఒకప్పుడు బాపుతో కలిసి గనిలో దిగినవాడు, తువ్వాల భుజం మీద సర్దుకుని, "మంచిది సార్" అన్నాడు. ఆ వెనకాయన "మంచిది, మంచిది" అన్నాడు. ఒకామె, "మంచిదే సారూ, మీరు పెద్దోళ్ళు" అంది. ఆమె బిడ్డ కిటికీ బయటే ఉంది. మా అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, "మంచిది సారూ" అంది.

మావాళ్ళు ఒప్పుకునేటప్పుడు అలా అనరు. గట్లనే చేద్దాం అంటారు, ఎప్పుడు మొదలువెడ్దాం అంటారు, బల్లలు ఎటు జరపాలో చూస్తారు. అక్కడ ఒక్కరు కూడా బల్లవైపు చూడలేదు. చూపులన్నీ గుమ్మం దగ్గరి చెప్పుల మీద ఉన్నాయి. ఇంత గట్టిగా వద్దనడం నేను ఈ మధ్య వినలేదు. సార్‌కి ఇది అర్థమైపోయి ఉంటుంది, ఇక ఆయన 'సరేలెండి, ఇంకోసారి చూద్దాం' అంటారు అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా.

"చాలా సంతోషం. ఏకగ్రీవం" అన్నారు సార్.

ముందు వేళాకోళం అనుకున్నాను. ఆయన వెంటనే చప్పట్లు కొట్టారు, ఆఫీసర్లు కొట్టారు. నేను లేచాను. "సార్, వాళ్ళు ఒప్పుకోలేదు."

"అలాగా? ఎవరైనా వద్దన్నారా అమ్మాయ్?" ఆయన గొంతు తేనెలా ఉంది. అందరివైపు తిరిగారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి. మొహమాటం వద్దు."

ఎవరు చెప్తారు? ఆయన నిలబడి ఉన్నారు, పక్కన ఆఫీసర్లున్నారు. నేను అవ్వవైపు చూశాను. అవ్వ నేల చూసింది. కాక తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. కిటికీ దగ్గర అమ్మాయిలు అంతా వింటున్నారు. నేనొక్కదాన్నే అరిచినా మీటింగ్ అయిపోయింది.

ఇంటికొచ్చి అవ్వ మీద విరుచుకుపడ్డాను. ఒక్కమాట వద్దనలేకపోయావా అన్నాను. అవ్వ నన్ను వింతగా చూసింది.

"చెప్పిన గద బిడ్డా, మంచిది అని. గంతకంటె ఎట్ల చెప్తరు?"

"మల్ల అడిగితే ఎందుకు మాట్లాడలే?"

"ఒకసారి చెప్పినంక మల్ల అడిగితె ఏమంటం? మొకం మీద కొట్టినట్టు చెప్తమా? మీ బాపు ఉన్నన్ని రోజులు గట్లనే చెప్పెటోడు. రెండో షిఫ్టు గూడ చెయ్యిమని ఆఫీసరు అంటె, మంచిది సార్ అని ఇంటికొచ్చెటోడు. ఆ ఆఫీసరు ఇంకోన్ని చూసుకునెటోడు. గా ఆఫీసర్లకే సమజయ్యేది. మీ సారుకు తెల్వదా ఏంది?"

అవ్వ అడిగింది మామూలుగానే. ఆయనకి తెలుసు. ఖనిలో కోస్తావాళ్ళందరిలో ఆ మాట అర్థం ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తెలియనివాడు చేస్తే పొరపాటు అంటాం. తెలిసి చేస్తే ఏమనాలో మా భాషలో చాలా మాటలున్నాయి, అవి రాస్తే బాగుండదు.

మర్నాడు సాయంత్రం వాళ్ళ బంగ్లాకి వెళ్ళాను. వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. కూర్చోమన్నారు, కూర్చోలేదు.

"వాళ్ళు వద్దన్నారని మీకు తెలుసా తెలియదా సార్?"

తప్పించుకుంటారని అనుకున్నాను. ఆయన తప్పించుకోలేదు.

"తెలుసమ్మాయ్" అన్నారు. "కానీ ఒక్కటి చెప్పు. వద్దనుకున్నవాళ్ళు వద్దనాలా, అక్కర్లేదా? ఎన్నేళ్ళని నేను వాళ్ళ మనసులో మాట ఊహించుకుంటూ బతకాలి? నేనూ ఇక్కడివాణ్ణే ఇప్పుడు. నాకూ కూర్చోడానికి ఒక చోటు కావాలి. ఇంట్లో కోడలు, కొడుకు డ్యూటీకి పోతే పలకరించే దిక్కులేదు."

ఆయన ఒంటరితనం చూసి జాలివేసింది. అబద్ధం చెప్పను, ఆ క్షణంలో వేసింది. ఈ మాట ముందే నాతో అంటే ఆ గదిలోనే ఒక మూల ఆయనకి కుర్చీ వేసేదాన్ని. సాయంత్రాలు పెద్దవాళ్ళకి వదిలేసేవాళ్ళం. అదే చెప్పాను.

"అమ్మాయిలు చదువుకుంటుంటే మేం గట్టిగా మాట్లాడుకోగలమా?" అన్నారు.

"సార్, వాళ్ళు జీవితమంతా పై ఆఫీసరుకి ఎదురు చెప్పలేని చోట పనిచేశారు. కాదనడానికి వాళ్ళకున్నది ఆ ఒక్కమాటే. దాన్ని కూడా మీరు అవునని చెప్పారు. ఎదురుచెప్పే వీల్లేని చోట ఒప్పుకోలు అనేదే లేదని మీరే కదా మాకు చెప్పింది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది క్లాసు అమ్మాయ్. ఇది కాలనీ" అన్నారు.

ఏ వరండాలో కూర్చోబెట్టి నన్ను మనిషిని చేశారో, అలాంటి వరండాలోనే కూర్చుని, తడిగుడ్డతో గొంతు కోశారు. తిట్టినా బాగుండేది. ఇన్నాళ్ళూ ఆయన చెప్పిందంతా నేను బతకడానికి నేర్చుకున్నాను, ఆయన మాత్రం పాఠంగానే చెప్పారు. మోసపోయానని గేటు దాటేదాకా ఒకటే మాట అనుకుంటూ వచ్చాను. గేటు దాటాక ఏడ్చాను.

తర్వాత కాలనీ ఇంటింటికీ తిరిగాను. అందరూ అయ్యో అన్నారు. "మనం సరే అని అననే అనలే గద" అని కాక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కలిసి వెళ్ళి చెబుదాం రమ్మంటే మాత్రం ఎవరూ రాలేదు. పెద్దసారు మాట తీసేస్తే కొడుకు ఆఫీసరు కదా, ఎక్కడ ఎవరి డ్యూటీ మారుతుందో అని భయం. వాళ్ళ మీదా కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే వాళ్ళు చెప్పాల్సింది చెప్పారు. వినాల్సినవాడు వినలేదు.

బెంచీలు వెనక వరండాలో వానకు తడుస్తున్నాయి. గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, క్యారమ్ బోర్డు వచ్చాయి. అమ్మాయిల్లో ఇద్దరు బస్టాండు బెంచీల మీద చదువుతున్నారు. ఒకామెకి పెళ్ళి చూపులు మొదలుపెట్టారు, ఇంట్లో ఖాళీగా కనిపిస్తోంది కదా అని. మా ఇంటి ముందు గదిలో కొందరిని కూర్చోబెట్టాను. కానీ నా భర్తకి కూడా రాత్రి షిఫ్టులు పడతాయి.

ఈ ఏడాది మొదటి సంవత్సరం పిల్లలకు సమ్మతి పాఠం మొన్ననే చెప్పాను. ఇన్నేళ్ళూ ఆ అద్దె ఇంటి కథతోనే మొదలుపెట్టేదాన్ని, మా సార్ అని గర్వంగా చెప్పుకుంటూ. ఈసారి నోరు రాలేదు. పుస్తకంలో ఉన్నది చదివి వినిపించాను. సమ్మతి రెండు రకాలు, పైకి చెప్పేది, చెప్పకుండా తెలిపేది. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు, ఆవలించారు.

గంట కొట్టాక డంపర్ డ్రైవర్ కూతురు, ఇప్పుడు రెండో సంవత్సరం, గుమ్మం దగ్గర కాచుకుని ఉంది. బయటినుంచి పాఠం విన్నట్టుంది.

"మేడం, ఒక డౌటు. ఎండకాలం మీటింగ్ల మా అమ్మ మంచిది అన్నది. గది ఒప్పుకున్నట్టా, కాదా? పరీక్షల వస్తె ఏం రాయాలె?"

"ఒప్పుకున్నట్టు కాదు. అదే రాయి" అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. వెళ్ళబోయి ఆగింది. "మరి ఒప్పుకోకపోతె మా రూం ఎట్ల పోయింది మేడం?"

అది నేను జవాబు చెప్పాల్సిన ప్రశ్న కాదు. చెప్పాల్సిన మనిషి ఆ సమయానికి, ఆ గదిలో, ఒకప్పుడు ఆ పిల్ల కూర్చునే కిటికీ పక్కన, కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు.